రోడ్లు ఖాళీ అయిన వసంతంలో మా బేస్‌లైన్

2020 మార్చి. అప్పుడు మేము జర్మనీ తూర్పు కొసన, కాట్‌బస్‌లో, స్ప్రే నదికి దగ్గరగా ఒక పాత అపార్ట్‌మెంట్ మూడో అంతస్తులో ఉండేవాళ్లం. నేను బెర్లిన్‌లో ఒక చిన్న పరిశోధన సంస్థలో పనిచేసేదాన్ని. పొద్దున్నే రీజనల్ ట్రైన్ ఎక్కడం, సాయంత్రానికి తిరిగి రావడం. మాస్టర్స్ చదవడానికి ఈ ఊరికే వచ్చాను, చదువయ్యాక కదలబుద్ధి కాలేదు. మా ఆయన కిరణ్‌ది కరీంనగర్, ఐటీ ఉద్యోగం. మా పాప మేఘనకు అప్పటికి ఐదేళ్లు, కీటాకు, అంటే ఇక్కడి పసిపిల్లల బడికి వెళ్లేది.

నా ఉద్యోగం ఏమిటని ఎవరైనా అడిగితే "గాలి లెక్కలు" అని చెప్పేదాన్ని. "అంటే, వాన పడుతుందా లేదా చెప్పడమా?" అనేవారు. అది కాదు. ఒక దేశంలోని వాహనాలు, ఫ్యాక్టరీలు, కట్టెల పొయ్యిలు, పశువుల కొట్టాలు ఏటా గాలిలోకి ఎంత మలినం వదులుతున్నాయో లెక్కగట్టి, మరో పదేళ్లకు ఎంత వదులుతాయో అంచనా వేయడం మా పని. ఆ అంచనాలో అన్నిటికంటే ముందు గీయాల్సిన గీతను బేస్‌లైన్ అంటాం. ఇప్పటికే చేసిన చట్టాలు అమలవుతూ, కొత్తగా ఇంకేమీ చేయకపోతే పరిస్థితి ఎటు పోతుందో చెప్పే గీత అది. యూరప్‌లో గాలికి సంబంధించిన విధానాలన్నీ దాని మీదే నిలబడతాయి. దేశాలు ఒప్పుకున్న పరిమితి కిందికి ఆ గీత తనంతట తానే దిగితే కొత్త చట్టాలతో పనిలేదు. దిగకపోతే ఎవరో ఒకరు ఏదో ఒకటి మార్చుకోవాలి. అందుకే ఒక్క గీత చుట్టూ అంత వాదన.

లెక్క చూడటానికి సులువే. ఎంత పని జరిగిందో తీసుకుని, దాన్ని ఎమిషన్ ఫ్యాక్టర్‌తో గుణిస్తాం. ఒక డీజిల్ కారు కిలోమీటరు నడిస్తే ఎంత వదులుతుంది, ఒక ఆవు వల్ల ఏడాదికి ఎంత అమోనియా గాలిలో కలుస్తుంది, ఇలాంటివి ఎమిషన్ ఫ్యాక్టర్లు. గుణకారం స్కూలు పిల్లలైనా చేస్తారు. కానీ జనం రేపు ఏం కొంటారు, ఎక్కడ ఉంటారు, ఏం తింటారు అన్నవి కూడా అందులోకి రావాలి. కష్టమంతా అక్కడే.

మా బృందానికి పెద్ద రెనాటె. అరవై దాటిన మనిషి. ఈ బొగ్గు గనుల ప్రాంతంలోనే పుట్టి పెరిగారు. పేరు పెట్టే పిలవాలని మొదటి రోజే పట్టుబట్టారు. పైకి అలాగే పిలిచినా మనసులో మాత్రం నేను 'గారు' చేర్చుకునేదాన్ని. నేనూ తెలంగాణలో ఒక బొగ్గు కరెంటు కేంద్రం పక్క కాలనీలో పెరిగినదాన్నే. దండెం మీది బట్టలకు పట్టిన బొగ్గు బూడిద దులుపుకుని కట్టుకోవడం ఎలా ఉంటుందో మా ఇద్దరికీ తెలుసు. మా స్నేహం అక్కడే మొదలైంది.

ఆ వేసవికల్లా మేము 2030 వరకు బేస్‌లైన్ కట్టి ఒక ప్రభుత్వ శాఖకు ఇవ్వాలి. నా ఉద్యోగ ఒప్పందం కూడా ఆ ప్రాజెక్టుతోనే ముడిపడి ఉంది. ఇంతలో కరోనా వచ్చింది. కీటా మూసేశారు. ఆఫీసుకు రావద్దన్నారు. వంటింట్లో కిరణ్, పడకగదిలో నేను, మధ్యలో బొమ్మలతో మేఘన. వీధిలో ట్రామ్ ఖాళీగా పోయేది. ఆకాశంలో విమానం గీసే తెల్లటి చారలు ఒక్కటీ లేవు. అంత నీలం ఆకాశాన్ని ఈ దేశంలో నేను అంతవరకు చూడలేదు.

ఇంగోల్‌స్టాట్‌లో కార్ల ఫ్యాక్టరీలో ఇంజినీరుగా చేసే హైదరాబాదు అమ్మాయి సమీనా ఫోన్ చేసింది. కాట్‌బస్‌లో చదువుకునేటప్పుడు నాకు జూనియర్.

"అక్కా, ఇగ నీ పని ఖతం! గాలి మొత్తం సాఫ్ అయిపోయింది కదా" అని నవ్వింది. వెంటనే గొంతు తగ్గించింది. "మా లైన్ బంద్ పెట్టిండ్రు అక్కా. కుర్ట్స్‌ఆర్బైట్‌లో ఉన్న. పని లేదు, జీతం కోత. మళ్ల ఎప్పుడు పిలుస్తరో ఎవ్వరికి తెల్వదు."

"గాలి బాగుపడిందని సంతోషపడాలో, నీ సంగతి విని బాధపడాలో తెలుస్తలేదు సమీనా" అన్నాను. ఆ మాట నాకే కొత్తగా వినిపించింది.

మా కింద, గ్రౌండ్ ఫ్లోర్‌లో కుబిత్స్ గారు ఒంటరిగా ఉండేవారు. రిటైరైన ట్రామ్ డ్రైవర్. ఊపిరితిత్తుల జబ్బు చాలా ఏళ్లుగా ఉంది. రెండు మెట్లెక్కితే గోడ పట్టుకుని ఆగేవారు. బయటికి వెళ్లకూడదని డాక్టర్లు చెప్పడంతో ఆయనకు కావాల్సిన సరుకులు మేమే తెచ్చి కిటికీ గట్టు మీద పెట్టేవాళ్లం. మార్చి చివర్లో ఒక మధ్యాహ్నం రొట్టె, పాలు పెట్టడానికి వెళ్తే ఆయన కిటికీ తెరిచి కూర్చుని ఉన్నారు. ఒక్కో మాటకూ మధ్య ఊపిరి తీసుకుంటున్నారు.

"ఫ్రౌ శైలజా, మీరు గాలి మీద పనిచేస్తారు కదా" అన్నారు. "ఒక్కటి చెప్పండి. వీధిలో కారు లేదు. ఫ్యాక్టరీ లేదు. టీవీలో గాలి శుభ్రంగా ఉందంటున్నారు. ఆ సంగతి నా ఛాతీకి ఎవరూ చెప్పలేదా?"

"డాక్టరు దగ్గరికి వెళ్లారా?"

"అపాయింట్‌మెంట్ రద్దు చేశారు. కరోనా కదా."

ఆ మర్నాడు అంబులెన్సు వచ్చింది. నిండా ముసుగులు తొడుక్కున్న మనుషులు ఆయన్ను చక్రాల కుర్చీలో తీసుకువెళ్తుంటే మేఘన బాల్కనీ చువ్వలు పట్టుకుని చూసింది. "మామా, ఎర్ కొమ్ట్ డోఖ్ వీడర్?" అని అడిగింది. అమ్మా, ఆయన మళ్లీ వస్తారు కదా అని. వస్తారమ్మా అన్నాను. నాకు నమ్మకం లేదు. కరోనానే అయి ఉంటుందనుకున్నాం. కాదని రెండు రోజుల తర్వాత ఆయన చెల్లెలు ఫోన్‌లో చెప్పింది. పాత జబ్బే తిరగబెట్టిందట.

ఆయన ప్రశ్న నన్ను వదల్లేదు. ఆ ప్రాంతంలోని కొలత కేంద్రాల అంకెలు తెరిచాను. రోడ్ల పక్కన, పొలాల అంచున గాలిని పీల్చుకుని అందులో ఏముందో గంటగంటకూ చెప్పే యంత్రాలుంటాయి. వాహనాల పొగతో వచ్చే నైట్రోజన్ డయాక్సైడ్ నిజంగానే బాగా పడిపోయింది. కానీ ఊపిరితిత్తుల లోపలిదాకా వెళ్లే సన్నని ధూళి ఆ వారంలో తగ్గకపోగా పెరిగింది. యంత్రం పాడైందేమో అనుకున్నాను. పక్క కేంద్రంలోనూ అంతే. దాని పక్కదీ అంతే.

రెనాటెకు వీడియో కాల్ చేశాను. ఆవిడ అంకెలు చూసి, కళ్లజోడు నుదుటి మీదికి తోసుకుని, "గాలి ఎటునుంచి వస్తోంది?" అని అడిగారు.

"తూర్పు నుంచి. పొడిగా ఉంది. వానలు లేవు."

"ఎక్కడో దూరం నుంచి వచ్చిన దుమ్ము కొంత ఉంటుంది. అది తీసేసి చూడు. తర్వాత పొలాలు చూడు. ఇది ఏ కాలం?"

అప్పుడు వెలిగింది. మార్చి అంటే ఇక్కడ పొలాలకు ఎరువు పెట్టే కాలం. చలికాలమంతా కొట్టాల కింద నిల్వ చేసిన పేడ, మూత్రం కలిసిన ద్రవాన్ని ట్యాంకర్లతో తెచ్చి పొలాల మీద చల్లుతారు. లాక్‌డౌన్ అయినా అది ఆగదు. ఆగకూడదు కూడా, తిండి పండాలి కదా. ఆ ఎరువు నుంచి అమోనియా లేస్తుంది. అది వాయువు, దానికి రూపం లేదు. గాలిలో అప్పటికే ఉన్న ఆమ్లాల ఆవిరితో కలిసిన క్షణంలో మాత్రం అది ఘనమైన కణంగా మారిపోతుంది. ఎవరూ తవ్వకుండా, దంచకుండా, కాల్చకుండా, ఉత్త గాలిలో ధూళి పుడుతుంది. ఈ రసాయన సమీకరణాన్ని నేను ఎన్నోసార్లు కంప్యూటర్‌లో రాశాను. కానీ ఆ రోజు కిటికీలోంచి ఆ నీలపు ఆకాశాన్ని చూస్తూ, అక్కడ, నా కళ్ల ముందే, ఏమీ లేనట్టున్న చోట అది జరుగుతోందని మొదటిసారి నిజంగా అనిపించింది.

ఆ తర్వాత జరిగింది ఇంకా వింత. అంతకుముందు శరదృతువులో, కరోనా అన్న పేరైనా ఎవరికీ తెలియనప్పుడు, మేము మా మోడల్‌కు పరీక్షలు పెట్టాం. ఒక్కో రంగాన్నీ అతిగా తగ్గించి, ఫలితం ఎలా మారుతుందో చూస్తాం. దాన్ని సెన్సిటివిటీ రన్ అంటారు. వైద్యుడు మోకాలి మీద చిన్న సుత్తితో కొట్టి చూడటం లాంటిది. అందులో ఒకటి, వసంతంలో రోడ్లు దాదాపు ఖాళీ అయితే ఏమవుతుందని. మా పని సమీక్షించిన ఒకాయన దాని పక్కన "అసాధ్యం, అనవసరం" అని రాశారు. మేము కూడా నవ్వుకుని పక్కన పెట్టేశాం.

ఇప్పుడు ఆ ఫలితం తీసి, తూర్పు గాలి వీచే రోజులను ఏరి, యూరప్ పటంగా వేశాను. పక్కన ఆ వారం నిజంగా కొలిచిన అంకెలతో ఇంకో పటం. నగరాల్లో రోడ్ల వెంట ఎర్రగా ఉండే నైట్రోజన్ చారలు రెండింట్లోనూ చెరిపేసినట్టు పోయాయి. సన్నని ధూళి మాత్రం పొలాల మీదుగా మైదానమంతా పరుచుకుని, రెండింట్లోనూ దాదాపు ఒకే ఆకారంలో, మా ఊరి మీదుగా పడమటికి సాగింది.

ప్రపంచంలో ఏ శాస్త్రవేత్తా అడగలేని ప్రయోగం అది. అడిగితే పిచ్చివాడనుకుంటారు. ఒక ఖండం మొత్తాన్ని ఆపేసి, ఇప్పుడు గాలి ఏమంటుందో చూద్దామని ఎవరంటారు? అది జరిగింది. గాలి జవాబు చెప్పింది. మేము రాసుకున్న సమీకరణాలు ఆ జవాబును ముందే పలికాయి.

వంటింట్లోంచి కాఫీతో వచ్చిన కిరణ్ నన్ను చూసి గుమ్మంలోనే నిలబడ్డాడు.

"ఏమైందే, అట్ల కూసున్నవ్? ఏడుస్తున్నవా?"

"లేదు. ఇటు చూడు" అని రెండు పటాలూ చూపించాను.

చాలాసేపు చూశాడు. "ఏది అసలుది?" అని అడిగాడు.

నా వృత్తి జీవితంలో నాకు దక్కిన అతిపెద్ద మెచ్చుకోలు అదే. మెచ్చుకున్నానని ఆయనకే తెలియదు.

ఏప్రిల్‌లో ఒక ఆదివారం రెనాటె కాట్‌బస్ వచ్చారు. నది ఒడ్డున ఇద్దరం ఎడంగా, మాస్కులతో నడిచాం. పటాల గురించి నేను ఉత్సాహంగా చెబుతుంటే ఆవిడ విని, తన పాత సంగతి ఎత్తారు.

"నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో, బెర్లిన్ గోడ కూలిన తర్వాత, ఈ ప్రాంతానికి బొగ్గు పొగలోని గంధకం లెక్కలు కట్టాను. అంతకుముందు ఇక్కడ మంచు కూడా బూడిద రంగులో ఉండేది. కొన్నేళ్లలో గీత కొండ మీంచి రాయి దొర్లినట్టు పడిపోయింది. సమావేశాల్లో జనం చప్పట్లు కొట్టేవాళ్లు. ఎంత అద్భుతం అనేవాళ్లు. నిజమే, చిమ్నీలకు ఫిల్టర్లు పెట్టారు, అది అద్భుతమే. కానీ ఆ గీతలో కొంత భాగం మా అన్నయ్య."

అర్థం కాక ఆవిడ వైపు చూశాను.

"బొగ్గు ఇటుకల ఫ్యాక్టరీలో చేసేవాడు. అది మూతపడింది. వాడు మళ్లీ పనిలోకి వెళ్లలేదు. ఫిల్టరుతో దిగిన గీతా, మనుషులు ఆగిపోతే దిగిన గీతా కాగితం మీద ఒకేలా ఉంటాయి శైలజా. విడదీయడం మన పని. మనం తప్ప ఇంకెవరూ చేయరు."

ఆ మాటే మమ్మల్ని జూన్ సమావేశంలో కాపాడింది. ప్రభుత్వ శాఖ తరఫున మా ప్రాజెక్టు చూసే అధికారి పేరు ఫోక్ట్. మర్యాదస్తుడు, తెలివైనవాడు. వీడియోలో ఆయన, ఆయన సహాయకులు, రెనాటె, నేను. ఆ వేళకు మేఘనను కిరణ్ పార్కుకు తీసుకెళ్లాడు.

"నాకో సందేహం" అని మొదలుపెట్టారు ఫోక్ట్. "మీ గీత కరోనాకు ముందటి ఏళ్ల నుంచి బయల్దేరుతోంది. 2020 నుంచి ఎందుకు మొదలుపెట్టకూడదు? అది ఊహ కాదు కదా, కొలిచిన వాస్తవం. పైగా ఇళ్ల నుంచి పనిచేయడం ఇక పోదు. జనం మారిపోయారు. అలా గీస్తే 2030 కల్లా మనం పరిమితి లోపలే ఉంటాం."

ఆయన అన్నది తీసిపారేసే మాట కాదు. అక్కడ ఎవరూ పైకి అనని సంగతి ఇంకొకటుంది. పరిమితి లోపల ఉంటే పశుపోషణ మీద, ఎరువు చల్లే పద్ధతి మీద కొత్త నిబంధనలు తేవాల్సిన అవసరం రాదు. రైతు సంఘాలతో తగవు పడక్కర్లేదు. ఆయన కోరినట్టు గీస్తే మా ప్రాజెక్టుకు పొడిగింపు వస్తుందనీ, లేకపోతే చెప్పలేమనీ నాకు తెలుసు. నా ఒప్పందం ఆ డిసెంబరుతో అయిపోతుంది.

తెర మీద రెనాటె తల ఊపారు. నువ్వే చెప్పు అన్నట్టు.

"ఫోక్ట్ గారూ, ఇంటి నుంచి పని విషయంలో మీరన్నది నిజం. దాన్ని వేరే గీతగా వేశాం, చూడండి. కొంచెం తేడా వస్తుంది, అంతే" అన్నాను. "కానీ ఈ ఏడాది మనం గాలిని శుభ్రం చేయలేదు. ఆగిపోయాం. మా స్నేహితురాలి ఫ్యాక్టరీ ఆగింది, ట్రామ్‌లు ఖాళీగా తిరిగాయి, పిల్లలు ఇళ్లలో ఉండిపోయారు. ఈ దిగుడును బేస్‌లైన్‌లో పెడితే, మరో పదేళ్లు అందరూ ఇలాగే ఉంటారని మనం రాసిచ్చినట్టే."

ఆ తర్వాత రెండు పటాలూ తెర మీద పెట్టాను. ఏది మోడల్, ఏది కొలత అన్నది చెప్పలేదు. ముందుకు వంగి చూశారాయన.

"వీటిలో మోడల్‌ది మీరు ఎప్పుడు చేశారు?"

"పోయిన శరదృతువులో. ఇదంతా రాకముందు."

ఆయన కుర్చీలో వెనక్కి వాలి, "కార్లన్నీ ఆగినా ధూళి పోలేదన్నమాట" అన్నారు నెమ్మదిగా.

"ఆ వారం పోలేదు. కార్ల వల్ల వచ్చే భాగం తగ్గింది. పొలాల నుంచి వచ్చేది అలాగే ఉంది. కొత్తగా ఏమీ చేయకపోతే 2030లోనూ మార్చి నెల ఇలాగే ఉంటుందని మా గీత చెబుతోంది."

"ఇది నేను పైకి తీసుకెళ్తే ఎవరికీ నచ్చదు" అన్నారు.

"నచ్చాలని కట్టలేదు" అన్నారు రెనాటె.

ఆయన నవ్వారు. అలసిన నవ్వు. కొన్ని వారాల తర్వాత జవాబు వచ్చింది. బేస్‌లైన్ మేము కట్టినట్టే తీసుకున్నారు. 2020ని విడిగా, గీతకు తగలని ఒక చుక్కగా పెట్టి, ఎందుకలా పెట్టామో వివరణ రాయమన్నారు. నా ఒప్పందమూ పొడిగించారు. తర్వాతి ఏళ్లలో ఎరువును పైకి చిమ్మకుండా, పైపులతో నేలకు ఆనించి పోసే పద్ధతి గురించి చర్చలు గట్టిగానే నడిచాయి. అది మా గీత వల్లే అని నేననను. అలాంటి చర్చలకు చాలా చేతులు పడతాయి. మార్పు అక్కర్లేదని చెప్పే సాకు మాత్రం మేము ఇవ్వలేదు.

2021లో, 2022లో రోడ్లు మళ్లీ నిండాయి. సమీనా పనిలోకి వెళ్లింది. కొత్త కొలతలు వచ్చినప్పుడల్లా వాటిని గీత మీద పెట్టేదాన్ని. నైట్రోజన్ చుక్కలు మేము గీసిన దారికి దగ్గరదగ్గరగా తిరిగి వచ్చి చేరాయి. ఎవరూ ఎవరితోనూ మాట్లాడుకోని కోట్ల మంది, పొద్దున్నే ఎవరి కారు తాళం చెవి వాళ్లు తిప్పుతూ, అందరూ కలిసి ఒక గీత మీద నడుస్తున్నారు. అది చూసినప్పుడల్లా ఇప్పటికీ కాసేపు పని ఆపి కూర్చుంటాను.

కుబిత్స్ గారు ఆ మే నెలలోనే ఇంటికి తిరిగొచ్చారు, ఆక్సిజన్ యంత్రంతో. ఆయన జబ్బు ఆ వారం ధూళి వల్లే తిరగబెట్టిందని నేను చెప్పలేను. ఒక మనిషి ఊపిరిని మోడల్ లెక్కగట్టలేదు. ఆ మాట ఆయనకూ చెప్పాను. కానీ ఆయన అడిగినదానికి జవాబు బాకీ ఉన్నట్టనిపించి, రిపోర్టు బయటికి వచ్చాక అందులోని మా గీత బొమ్మను అచ్చు తీసుకుని వెళ్లాను. పొలాల నుంచి వచ్చే ధూళి సంగతి కిటికీ దగ్గర కూర్చుని విన్నారు. వేలితో గీత వెంబడి 2030 దాకా వెళ్లారు.

"ఇక్కడ దాదాపు చదునుగా ఉంది. ఎందుకు దిగదు?"

"దించాలని ఇంకా ఎవరూ నిర్ణయించలేదు కాబట్టి."

యంత్రం బుసబుసమంటోంది.

"నేను ఇన్నాళ్లూ ఇది వాతావరణం అనుకున్నాను, ఫ్రౌ శైలజా" అన్నారు. "వానలాగా. దానికి ఎవరూ ఏమీ చేయలేరనుకున్నాను."

చాలా ఏళ్లు ఈ పని చేస్తూ, బేస్‌లైన్ అంటే రాబోయేదాన్ని చెప్పే గీత అని నేనూ లోలోపల నమ్ముతూ వచ్చాను. మనం తీసుకోని నిర్ణయాలు ఎలా ఉంటాయో చూపించే బొమ్మ అది అని నాకు ఆ రోజు తెలిసింది. ఇప్పుడు కొత్తగా చేరినవాళ్లకు గుణకారాలు నేర్పేముందు ఆ సంగతే చెబుతున్నాను.